చప్పుడు ఎటునుంచి

తెల్లవారేసరికి ఆకాశం ఏదీ తేల్చుకోలేక కొట్టుకుంటోంది. ఓ పక్క మబ్బు కమ్ముతుంది, అంతలోనే గాలి దాన్ని తోసేస్తుంది. వాన పడదు, ఎండ రాదు. మెకానిక్ అప్పటికే కాలు గాలిన పిల్లిలా షెడ్డు చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు.

కూతురు పిచ్చుక ఆ రోజునుంచి సైకిల్ మీద ఒంటరిగా బడికి వెళ్ళాలి. మాటిచ్చింది ఆయనే.

నాలుగేళ్ళప్పుడు గవదబిళ్ళలు వచ్చి పిల్ల ఎడమ చెవి పూర్తిగా పోయింది. "ఉన్న చెవితో అన్నీ వింటుంది. చప్పుడు ఎటునుంచి వచ్చిందో పోల్చుకోవడానికి మాత్రం రెండు చెవులూ కావాలి," అన్నాడు డాక్టరు. ఇంజన్ మోత విని జబ్బు చెప్పే పాముచెవుల మనిషి ఆ మాట నమ్మలేదు. షెడ్డులో వెనక మూలల్లో రెండు రేకు డబ్బాలు వేలాడదీశాడు. పిల్లని డబ్బాలకి వీపు పెట్టి తనకెదురుగా నిలబెట్టి, తన వీపు వెనకనుంచి వాటి తాళ్ళు లాగేవాడు. ఎటు మోగిందో ఆర్నెల్లలో పిచ్చుక ఒక్కసారీ తప్పు చెప్పలేదు.

ఆ పొద్దున చివరి పరీక్ష. గుమ్మంలో మిషన్ కుడుతున్న భార్య చక్రం ఆపింది.

"ఏమయ్యా, ఈసారి నువ్వు కళ్ళు మూసుకుని లాగు."

"పరీక్ష దానికా, నాకా?"

"మూసుకుంటే తెలుస్తుందిగా."

మూసుకున్నాడు. పిచ్చుక చెప్పిన పదిలో ఆరు తప్పాయి.

"డబ్బా మోగకముందే నీ కళ్ళు అటు పోతాయి," అంది భార్య. "అది నీ కళ్ళు చదివేస్తోంది."

మెకానిక్ చేతిలోంచి తాళ్ళు జారిపోయాయి. "ఇన్నాళ్ళూ మోసం చేశావా తల్లీ?"

"మోసమేంటి నాన్నా? ఎటని అడిగావు. చూసి చెప్పాను."

"సైకిల్ అక్కడే పెట్టు."

"మాటిచ్చావు," అని పిచ్చుక తొక్కుకుంటూ వెళ్ళిపోయింది.

భార్య వద్దంటున్నా ఆయన కాలు నిలవలేదు. నలభై అడుగుల దూరంలో వెంటపడ్డాడు.

లారీల రోడ్డు దగ్గర పిల్ల సైకిల్ దిగింది. అటు చూసింది, ఇటు చూసింది, మళ్ళీ అటు చూసింది. రెండు లారీలు పోయేదాకా ఆగి, సైకిల్ నడిపిస్తూ బయల్దేరింది. సగం దాటింది. ఎడమ మలుపులోంచి ఇసుక లారీ హారన్ కొడుతూ వచ్చింది.

"ఆగూ!" అని మెకానిక్ గుండెలు పగిలేలా అరిచాడు.

పిల్ల ఆగింది, నడిరోడ్డు మీద. ఆమెకు ఏ కేకైనా కుడి పక్కనుంచి వచ్చినట్టే ఉంటుంది. కుడివైపు తిరిగి తండ్రి కోసం వెతికింది. ఎడమనుంచి బ్రేకులు కీచుమన్నాయి. లారీ మూరెడు దూరంలో నిలిచింది.

"దాటిపోయే పిల్లని మధ్యలో ఆపిందెవడ్రా? బుద్ధుందా?" డ్రైవరు సగం ఒళ్ళు బయటపెట్టి తిట్టాడు.

మెకానిక్ పరుగున వచ్చి పిల్ల పక్కన నిలిచాడు.

పిచ్చుక తండ్రి వైపు తిరిగింది. "లారీని ముందే చూశాను నాన్నా. మూడడుగులేస్తే దాటేసేదాన్ని. నువ్వు అరిచావు. ఎక్కణ్ణుంచో తెలీలేదు."

వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

ఆ రోజంతా ఆయన ఒక కార్బురేటర్ విప్పి మళ్ళీ బిగించలేకపోయాడు. హారన్ వినబడితే చాలు, వీధిలోకి పరుగు. "బండి బాగుచేస్తావా, రోడ్డుకి కాపలా కాస్తావా?" అని ఎవరో వేళాకోళం చేశారు. సాయంత్రం పిల్ల తనంతట తనే తిరిగొచ్చింది. సైకిల్ గోడకి ఆనించి నేరుగా లోపలికి పోయింది. ఆయన సైకిల్ చక్రాలు రెండింటికీ గాలి కొట్టి, ముందు చక్రం వీధి వైపు తిప్పి గుమ్మం దగ్గర పెట్టాడు.

ఎప్పుడూ తల్లిదండ్రులకి కుడి చెవి అందేలా కూర్చునే పిల్ల, భోజనాల దగ్గర పళ్ళెం జరుపుకుని తండ్రిని ఎడమ పక్కకి నెట్టేసింది. అటునుంచి మెల్లగా ఏం చెప్పినా ఆమెకు చేరదు. మెకానిక్ లేచాడు. తన పళ్ళెం, నీళ్ళ గ్లాసు తీసుకుని, చుట్టూ తిరిగొచ్చి కుడి పక్కన కూర్చున్నాడు. పిచ్చుక జరగలేదు.

ఇప్పుడు ఏం చెప్పినా వినబడుతుంది. ఆయన ఏమీ చెప్పలేదు. ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు.