డబ్బాకు కట్టిన ఎర్ర పేలిక

రంగులేసే సిద్దిరాములు లప్పం ఆరిన గోడను అరచేత్తో నిమిరి, రెండు నీలాల ముందు మళ్లీ నిలబడ్డాడు. కామారెడ్డిలో విమలమ్మ పడగ్గదికి ఏ రంగు బాగుంటుందో చూసుకోమని నిన్న రెండు డబ్బాల్లోంచీ గోడమీద చారెడు చారెడు పూశారు. రెండూ ముదురు నీలాలే. అతనికి మాత్రం రెండూ ఒక్కటే.

ఒకే రంగు రెండు డబ్బాల్లో పోసి తనను ఆడిస్తున్నారా? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని ఎల్లారెడ్డిలో అతని భార్య ఎంకవ్వ ఊరికే అనదు. చాయ్ చప్పగా ఉంటే పాలవాణ్ణి, బస్సు ఆలస్యమైతే డ్రైవర్ని అనుమానించే మనిషి. సన్నగా, వంగిన భుజాలతో ఉంటాడు. గోళ్ల సందుల్లో ఎప్పుడూ ఎవరింటి రంగో ఒకటి ఇరుక్కుని ఉంటుంది.

"కొంచెం నల్లగ కొట్టేదే మంచిగున్నదన్నా. గదే వెయ్యుండ్రి," అని చెప్పి విమలమ్మ వంటింట్లోకి వెళ్లింది.

ఒక డబ్బా పిడికి ఎర్ర పేలిక వేలాడుతోంది. కట్టింది రామస్వామి, బ్రష్షు పట్టిన నాటినుంచీ జతగాడు. ఈ ఏడాదంతా ఎక్కడ పనైనా ఇదే వరస: ఒక డబ్బాకు పేలిక, ఆపైన "పేలికది అందుకో రాములన్నా" అన్న మాట. మిగిలిన రంగు ఎత్తుకుపోవడానికి గుర్తు కాక మరేమిటి? రామస్వామి నిచ్చెన కోసం బయటికి వెళ్లగానే సిద్దిరాములు పేలిక విప్పి జేబులో కుక్కుకున్నాడు. చేతికందిన డబ్బా లాక్కుని గోడ పూయసాగాడు. చెయ్యి మాత్రం ఎప్పటిలాగే నున్నగా సాగింది.

సగం గోడ అయ్యేసరికి విమలమ్మ వచ్చింది. "నేను చెప్పింది ఇది గాదు గదన్నా."

అప్పుడే నిచ్చెనతో వచ్చిన రామస్వామి డబ్బాల వైపు చూశాడు. "పేలికేది?"

"నా జేబుల ఉన్నది. ఎందుకు కడ్తున్నవ్ రా?"

రామస్వామి గొంతు తగ్గించాడు. "నువ్వు తియ్యాల్సిన దానికే కడ్తున్న. నీ కండ్లకు రంగులు ఆనుతలేవన్నా. చెప్తే పని ఇడ్సిపెడ్తవని భయమైంది."

కళ్ల సంగతి సిద్దిరాములుకు లోలోపల ఎప్పుడో తెలుసు. ఏడాదిగా ఈ మనిషిని దొంగను చూసినట్టు చూశానే అని సిగ్గేసి తలెత్తలేకపోయాడు.

గోడ ఆరాక రామస్వామి రెండో నీలం వేశాడు. సిద్దిరాములు కింద పరిచిన పట్టా జరుపుతూ కూర్చున్నాడు. సాయంత్రం తన బ్రష్షు కడిగి విదిలించాడు.

"రేపటి సంది రాను. బస్సుకు పోత."

"దవాఖానల చూపిచ్చుకో అన్నా."

"చూద్దాం తీ."

అతను మెట్లు దిగాక రామస్వామి డబ్బాలు సర్దడానికి గదిలోకి వచ్చాడు. కిటికీ గట్టు మీద, బొటనవేలి దగ్గర గుంటపడి అరిగిన సిద్దిరాములు బ్రష్షు ఉంది. దాని పిడికి ఎర్ర పేలిక కట్టి ఉంది.