ఆడియో చాలు

మా ప్రిన్సిపాల్ రాజమౌళి సార్ పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు. ఇంటర్ ప్రాక్టికల్స్ ముంచుకొస్తున్నాయి. ల్యాబ్ ఇరుకు, పిల్లలు ఎక్కువ. కెమిస్ట్రీ చెప్పే రెబెకా ప్రతి ప్రయోగమూ కెమెరా ముందు చేసి చూపించాలి, పిల్లలు దాన్ని ఇంట్లో చూసుకొని వచ్చి నేరుగా ల్యాబ్‌లో చేసెయ్యాలి అన్నాడు. అంతవరకు బాగానే ఉంది. రెబెకా ముచ్చటగా చేసింది కూడా.

వీడియోలు తయారయ్యాక ఆయనకు కొత్త ఫికర్ పట్టుకుంది.

"గింత బరువు ఫైళ్లు పిల్లల ఫోన్లు మొయ్యవమ్మా. బొమ్మ తీసేసి ఆడియో పంపుండ్రి. చెవుల పడితే చాలు," అన్నాడు.

"ల్యాబ్ పని చూసి నేర్చుకునేది సార్," అన్నాను. నేను ఫిజిక్స్ చెప్తాను.

"మీ సబ్జెక్టు కాదు గదా మేడం," అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. రెబెకా మాత్రం, "పోనీ అక్కా, నేను పక్కనే ఉంట గదా," అంది.

ప్రాక్టికల్ రోజు పొద్దున ఎనుమాముల మార్కెట్ దగ్గర నా ఆటో మిర్చి లారీల మధ్య ఇరుక్కుపోయింది. ఊరికే కూర్చోలేక కాలేజీ గ్రూపులో వచ్చిన ఆడియో పెట్టుకున్నాను. యాసిడ్ పలచన చేసే పాఠం. యాసిడ్‌ను కొంచెం కొంచెంగా నీళ్లలో పోయాలని ఫిజిక్స్ చెప్పే నాకూ తెలుసు. తిరగేసి నీళ్లను యాసిడ్‌లో పోస్తే సలసల ఉడికి మొహం మీదికి ఎగజిమ్ముతుంది. కళ్లు పోతాయి.

రెబెకా గొంతు స్పష్టంగా ఉంది. "మంచిగ చూడుండ్రి. గిది గండ్ల పొయ్యాలె. గది గిండ్ల అస్సలు పొయ్యొద్దు. సమజైందా?"

కెమెరా ముందు వేలు పెట్టి చూపిస్తూ చెప్పింది, ఆమె తప్పేం లేదు. కానీ ఇది అందులో, అది ఇందులో అంటే వినేవాళ్లకు ఏది గిది, ఏది గది? వెనక్కి జరిపి మళ్లీ చివరిదాకా విన్నాను. ఏ సీసాలో ఏముందో ఎక్కడా చెప్పలేదు. నాకు భయం వేసింది.

రెబెకాకు ఫోన్ చేస్తే సెకండియర్ పిల్ల దీప్తి ఎత్తింది.

"మేడం ఫోన్ ఈడ్నే పెట్టి పోయింది మేడం. కొత్త ఆడియోల గురించి మాట్లాడాల్నని ప్రిన్సిపాల్ సార్ పిలిచిండు. మమ్ముల షురూ చెయ్యమన్నడు."

"యాసిడ్ ముట్టినవా బిడ్డా?"

"ఆ మేడం. రాత్రి మస్తుసార్లు విన్న. మొత్తం నోటికొచ్చింది."

"ఏది దేంట్ల పోస్తానవు?" అని అడుగుతుండగానే వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు.

"వినిపిస్తలేదు మేడం. ఒక్క నిమిషం, ఫోన్ బల్ల మీద పెడ్త. రెండు చేతులు కావాలె."

"ఆగు దీప్తీ, పొయ్యకు," అని అరిచాను. ఆటో అతను ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. హారన్ ఆగిపోయింది. ఫోన్‌లో పోస్తున్న చప్పుడు మాత్రం వినిపించింది. ఏది దేంట్లోనో ఆ చప్పుడును బట్టి తెలియలేదు.