పాలు పితికే వేళ

పోతానని గ్వెర్విల్ పెద్దమ్మ తనకు తనే ప్రకటించుకున్న ఏడాది, ఆమె ఇనుప కుండ ముగ్గురి సొత్తయింది. ఎవరు మజ్జిగ తెచ్చిపెడితే ఆ పూటకి కుండ వాళ్లది. చర్చికి పెట్టుకెళ్లే నల్లటోపీ మేనకోడలికి, ఓకు చెక్క పెట్టె మేనల్లుడికి, ఈకల దిండు నాకు అంది. తనను పాతిపెట్టేటప్పుడు పాత ఫ్లానెల్ గుడ్డ చాలని, మంచి ఉన్ని లంగాను మట్టిపాలు చేస్తే ఊరుకోనని కూడా చెప్పింది.

అసలు ఆస్తి సెరెన్. నల్లావు. దాన్ని లౌరీకి ఇవ్వాలని పెద్దమ్మ పట్టు. లౌరీ తల్లీదండ్రీ లేని పిల్ల, చిన్నప్పటి నుంచీ ఆ ఇంట్లోనే తిండికీ బట్టకీ చాకిరీ చేస్తోంది. పెద్దమ్మ పోతే ఇల్లు దివాణానిది, లౌరీ వీధిపాలు. ఆవుతో వస్తే తనింట్లో ఉండమని వాగవతల ఉండే దాని చిన్నాన్న అన్నాడు. ఉత్తచేతులతో వస్తే మాత్రం ఆయనకు తలుపు చప్పుడు వినబడదు.

చిక్కల్లా దివాణంతోనే. మా కొండల్లో కౌలుదారు కన్నుమూస్తే, దొడ్లో ఉన్నవాటిలో మేలైన పశువును దివాణం తోలుకుపోతుంది. అందుకని పెద్దమ్మ నన్నూ, నా తోడికోడలు ఆన్నెస్‌నూ సాక్షులుగా నిలబెట్టి, మంచం మీద నుంచే పలుపుతాడు లౌరీ చేతిలో పెట్టింది. లౌరీ ఆవును వాగు దాటించింది. దొడ్లో ముసలి మేక మిగిలింది.

అంతటితో అయిపోవలసింది. కానీ చిన్నాన్న ఇంటి కొత్త కొట్టంలో సెరెన్ పాలు చేపలేదు. చిన్నాన్న మొహం మాడ్చుకున్నాడు.

"పొద్దున్నే ఇక్కడికి తోలుకొచ్చి, పితుక్కుని పోవే," అంది పెద్దమ్మ.

"ఆ వేళకి నీకేమన్నా అయితేనో?" అన్నాను.

"నేను సాయంత్రమే పోతాలే. మావాళ్లంతా సాయంత్రాలే పోయారు."

ఆమె పొద్దున్నే పోయింది. లౌరీ కొట్టంలో పాలు పితుకుతోంది. ఆన్నెస్ పెద్దమ్మ కనురెప్పలు మూసింది, నేను కిటికీలోంచి చూశాను. దివాణం గుమాస్తా గేటు దగ్గర గుర్రం దిగుతున్నాడు. పెద్దమ్మ మంచం పట్టినప్పటి నుంచి ఆయనకు మావైపు పనులు ఎక్కువయ్యాయి.

ఆన్నెస్ ఏడవడానికి నోరు తెరిచింది.

"నోర్ముయ్! ఆవు దొడ్లో ఉంది."

"అయ్యో అక్కా, చచ్చినమనిషి ముందు..."

"ఆవిడే ముందు నోర్ముయ్యమనేది." గొంతు పెంచాను. "పెద్దమ్మా, ఇంకొక్క గుక్క తాగు! చిన్నపిల్లలా ఆ మొండితనమేమిటి?"

తలుపు దగ్గరికి లాగి బయటికొచ్చాను.

"ఎలా ఉంది ముసలమ్మకి?" అన్నాడు గుమాస్తా.

"నిన్నటికంటే నిమ్మళంగా ఉందండీ."

"ఇచ్చేసిందన్న ఆవు ఇక్కడే ఉందేం?"

"పాలకోసం వచ్చింది. పోతోంది. లౌరీ! ఇంక తోలుకుపో!"

"సగమే పితికానత్తా."

"సగం చాలు."

"పెద్దమ్మకి చెప్పొస్తా." రోజూ వెళ్లేముందు దుప్పటి సర్ది వెళ్లడం దాని అలవాటు.

గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. "ఇప్పుడే కునుకు పట్టింది. సాయంత్రం చెబుదువుగాని. కదులు."

నావైపు ఒక చూపు చూసి పలుపు విప్పింది. గుమాస్తా గోడ మీద కూర్చున్నాడు. ఇద్దరం వాగువైపే చూశాం. సెరెన్ నీళ్ల మధ్య ఆగి, తీరిగ్గా తాగింది. అది అవతలి గట్టెక్కాక నేను లోపలికెళ్లి ఆన్నెస్‌తో ఇక ఏడవొచ్చన్నాను. అంతసేపు ఆపుకున్నది కదా, బాగా ఏడ్చింది.

గుమాస్తా వచ్చి పెద్దమ్మ చెయ్యి పట్టుకు చూశాడు.

"ఇంత చల్లగా ఉందేం?"

"మా ఇళ్లల్లో సెప్టెంబరు నుంచి మే దాకా అందరి చేతులూ అంతేనండీ."

ఆయన నన్నూ ఆన్నెస్‌నూ మార్చి మార్చి చూశాడు. తర్వాత మేకకోసం వెళ్లాడు.

ఏడుపు అవతలికి వినబడి లౌరీ పరుగెత్తుకొచ్చింది. వాగునీళ్లకు లంగా మోకాళ్ల దాకా తడిసింది. దొడ్లోనే నా చెయ్యి పట్టుకుంది.

"నేను తోలుకెళ్లేటప్పుడు బతికే ఉందా అత్తా?"

రెండడుగుల దూరంలో గుమాస్తా మేకతో పెనుగులాడుతున్నాడు. మాట వినబడి ఆగాడు.

"ఉంది," అన్నాను. "ఆవు దాటిందా అని అడిగింది కూడా."

ఆ రెండో ముక్క గుమాస్తాకి అక్కర్లేదు.