యమగండంలో బతికిపోయాను

నేను ఒక స్పోర్ట్స్ కారును. పుట్టింది జపానులో, పెరిగింది విశాఖపట్నంలో, ఉదయభాస్కర్ అనే పళ్ల డాక్టరు దగ్గర. ఆయన నాకు ఇంజన్‌లోకి గాలి ఊదే పెద్ద టర్బో పెట్టించాడు, సైలెన్సర్ మార్పించాడు, నన్ను నేలకు ఎంత దించాడంటే సీతమ్మధారలో నా కడుపు గీరని స్పీడ్‌బ్రేకర్ లేదు. జనం నోళ్లు బాగుచేసే మనిషికి నా నోరు మాత్రం ఎంత పెద్దదైనా చాలలేదు.

నాకు ఒకటే పథ్యం. గట్టిగా పరుగెత్తి వచ్చాక ఇంజన్ ఠక్కున ఆపకూడదు, కాసేపు ఊరికే తిరగనివ్వాలి. లేకపోతే కాలిపోతున్న టర్బోలో నూనె మాడిపోతుంది, ఇక నా పని గోవిందా. అందుకే డాక్టరు ఇంటికొచ్చాక కూడా నాలోనే కూర్చునేవాడు. “గుమ్మం దాకా వచ్చి లోపలికి రావడానికి ఆలోచనేంటండీ?” అని భార్య నళిని సణిగేది.

వాళ్లకు కవలలు పుట్టారు. నా వెనక సీటు పేరుకే సీటు. అమ్మక తప్పలేదు. ఆదివారం లోపు ఎవరూ కొనకపోతే పాత పార్టులమ్మే నూకరాజుకి ఇచ్చేయాలని నళిని తేల్చేసింది. నూకరాజు అప్పటికే వచ్చి, సంతలో మేకను తడిమినట్టు తడిమాడు. ఇంజన్ ఒకరికి, సీట్లు ఇంకొకరికి అన్నాడు.

డాక్టరు ఎవరికీ చెప్పకుండా ఒక పరీక్ష పెట్టాడు. నడిపి చూసి, వచ్చీ రాగానే తాళం తిప్పేసినవాడికి నన్ను ఇవ్వడు. వచ్చినవాళ్లంతా తిప్పేశారు. ఒకాయనైతే మైలేజీ ఎంతిస్తుందని అడుగుతూనే తిప్పేశాడు.

శనివారం ఉదయం కాకినాడ నుంచి మంగతాయారు వచ్చింది. పెళ్లిళ్లకు షామియానాలు అద్దెకిచ్చే వ్యాపారం ఆవిడది, వేగమంటే సరదా. బీచ్ రోడ్డులో నన్ను ఉరికించి తెచ్చి గేటు ముందు నిలిపింది. తాళం ముట్టుకోలేదు. అలాగే కూర్చుంది.

డాక్టరు కళ్లు చెమర్చాయి. “చూశావా నళినీ? బండి మనసు తెలిసిన మనిషి.”

నాకు మాత్రం అంతా కనిపిస్తూనే ఉంది. ఆవిడ ఫోన్లో పంచాంగం చూస్తోంది. పదిన్నరకు రాహుకాలం వెళ్లగానే దిగి, “బండి నచ్చిందండి, తీసుకుంటాను” అంది.

“చెప్పాల్సింది ఒకటుంది గానీ, మీకు తెలిసిందే కదండీ” అన్నాడు డాక్టరు తాళం ఇస్తూ.

“తెలియకపోవడమేంటండీ” అని ఆవిడ మర్యాదగా తల ఊపింది.

చెప్పవయ్యా మహానుభావా అని అరుద్దామంటే హారన్ నా చేతిలో లేదు.

తుని దాటాక రోడ్డు ఖాళీ. ఆవిడ కాలు ఎత్తలేదు. కాకినాడలో ఇంటి ముందు ఆగేసరికి నేను నిప్పుల కుంపటినయ్యాను. ఆవిడ చెయ్యి తాళం మీదికి వెళ్లింది. డాక్టరుని తలుచుకుని కళ్లు మూసుకున్నాను.

గుమ్మంలోంచి అత్తగారి గొంతు వినిపించింది. “తాయారూ, అప్పుడే దిగకమ్మా. యమగండం వెళ్లలేదు. మూడయ్యాక హారతిస్తాను.”

“సరే అత్తయ్యా, ఏసీ వేసుకుని కూర్చుంటాలే.”

చెయ్యి వెనక్కి వచ్చింది. బతుకు జీవుడా అనుకున్నాను. హారతి పళ్లెం వచ్చేసరికి ఒళ్లు చల్లబడింది.

జపానులో నన్ను తయారుచేసినవాళ్లు పాపం అన్నీ లెక్క వేశారు, తిథి వారాలు తప్ప. రేపు ఆదివారం. రాహుకాలం సాయంత్రం నాలుగున్నరకట. తాయారమ్మ ఎక్కడికి వెళ్లినా సరిగ్గా ఆ వేళకే ఇల్లు చేరాలని, నా ముందు చక్రం కింద నలిగిన నిమ్మకాయ సాక్షిగా మొక్కుకున్నాను.