గీత పెట్టిన తూటాలు

డోన్ రైలు స్టేషనుకు తూర్పున, గూడ్స్ షెడ్డు వెనక సందులో ఆదెన్న ఇల్లు. పటాలంలో పదకొండేళ్లు తుపాకులు బాగుచేసిన మనిషి. యుద్ధం ముగిశాక ఊరికి తిరిగొచ్చి, సర్కారు లైసెన్సు తీసుకుని, తుపాకులున్న రైతులకూ షికారీలకూ మరమ్మతులు చేసేవాడు. పేలిన తూటాల ఇత్తడి తొడుగులు కడిగి ఆరబెట్టి, కొత్త మందు, కొత్త సీసపు గుండు పెట్టి మళ్లీ పనికొచ్చేలా చేసి ఇచ్చేవాడు. ఆయన చేసిన తూటా తుస్సుమన్నదని ఆ తాలూకాలో ఎవరూ అనలేదు.

భార్య తొలి కాన్పులోనే పోయింది. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. తనవాడు అనుకునేందుకు ఆయనకు ఉన్నది తమ్ముడు సుంకన్న ఒక్కడే. తల్లి పోయేనాటికి సుంకన్నకు మూడేళ్లు. ఆదెన్నే చంకనేసుకుని తిరిగాడు. పెంచాడు, పెళ్లి చేశాడు. బద్వేలు నుంచి వచ్చిన మరదలు నాగక్క ఆ ఇద్దరు మొగవాళ్ల మధ్య ఇంటికి ఒక రూపు తెచ్చింది.

తర్వాత సుంకన్నకు బేతంచెర్ల దగ్గరి కొండల్లో ఒక బలపపురాయి గనిలో కావలి పని దొరికింది. నాగక్కతో గని పక్కనే రేకుల ఇంట్లో కాపురం. ఆ కొండ గవుల్లో, బండల నడుమ గుహల్లో, ఎలుగుబంట్లు ఉండేవి. తెల్లవారుజామున గంపలెత్తుకుని పనికొచ్చే ఆడవాళ్ల మీద రెండుసార్లు పడ్డాయి. గని మొదలుపెట్టిన విదేశీ ఇంజనీరు తన దేశానికి పోతూ పెద్ద రివాల్వరు ఒకటి కంపెనీకి వదిలిపోయాడు. మ్యాగ్నం అనేవాళ్లు దాన్ని. ఇరుకు బండల మధ్య పొడుగు తుపాకి తిప్పడం కష్టమని మేనేజరు దాన్నే సుంకన్న నడుముకు కట్టించాడు. దాని తూటాలు మద్రాసులోనూ దొరికేవి కావు. ఖాళీ తొడుగులన్నీ డోనుకు, ఆదెన్న చేతికి వచ్చేవి.

ఆ తూటాకు తగిన మందు ఎంచడానికి ఆదెన్నకు రెండు నెలలు పట్టింది. షికారు తుపాకుల్లో వాడే మందు ఒక్కసారిగా భగ్గుమంటుంది. అది దట్టించి నింపితే రివాల్వరే పగులుతుంది. నాటుమందు పొగే గాని దానిలో సత్తువ లేదు. దీనికి నిదానంగా కాలే మందు కావాలి. గుండు గొట్టం దాటేదాకా వెనకనుంచి తోస్తూనే ఉండాలి. అలాంటి డబ్బా ఒకటి చివరికి మద్రాసు నుంచి తెప్పించాడు. చిన్న త్రాసులో తూచి, ఆరు తూటాలు నింపి, టేకు పలకలు వరసగా నిలబెట్టి తనే కాల్చి చూశాడు. గుండు ఏడో పలకలోకి దిగబడింది.

"ఇదిరా సుంకా ఎలుగ్గొడ్డుకు మందు," అన్నాడు తమ్ముడితో.

సుంకన్న నవ్వాడు గాని, ఆ తూటా పేల్చిన ప్రతిసారీ అతని కుడి మణికట్టు మండిపోయేది. అంతకు రెండేళ్ల ముందు గనిలో రాయి జారి ఆ చేతి మీద పడింది. ఎముక అతుక్కుంది గాని సరిగ్గా అతుక్కోలేదు. ఆ సంగతి మేనేజరుకు తెలిస్తే కావలి పని పోతుందని అతను ఎవరికీ చెప్పలేదు. మేనేజరుకేమో అదొక వేడుక. ప్రతి నెలా మొదటి సోమవారం కూలీలందరినీ నిలబెట్టి, బండ మీద కుండలు పెట్టించి, సుంకన్న చేత ఆరు తూటాలూ వరసగా కాల్పించేవాడు.

ఒకసారి ఆదెన్నే అడిగాడు. "చెయ్యి నొస్తాందేమప్పా? మందు తగ్గించి కట్టనా?"

సుంకన్నకు కోపమొచ్చింది. "నేనేమన్నా పసిబిడ్డనా? నువ్వు కట్టిండేది నేను కాల్చలేకుంటే నాకు ఆ బెల్టెందుకు? ఇంగోసారి ఆ మాట ఎత్తొద్దన్నా."

ఆదెన్న మళ్లీ ఎత్తలేదు.

ఆ యేడు ఉగాది దాటాక, ఒక మధ్యాహ్నం నాగక్క ఒక్కతే పాసింజరు బండి దిగి వచ్చింది. చెంబెడు నీళ్లు తాగి, గడప దగ్గర కూర్చుంది.

"బావా, నీకో మాట జెప్పాల. మీ తమ్మునికి తెలియగూడదు."

"చెప్పమ్మా."

"ఆయప్ప చెయ్యి సూడలేకపోతాండా. కుండలు కాల్చిన దినం ముద్ద గూడా ఎడమచేత్తోనే తింటాడు. వావిలాకు ఎచ్చజేసి కడితే పండ్లు కొరుక్కుంటాడు గాని, అబ్బా అనడు. నువ్వు మెత్తగా కొట్టే తూటాలు కొన్ని చేసియ్యి. కుండలకు అవి చాలవా? ఏది ఏదో ఆయప్పకు తెలియకుండా నేను మారుస్తా."

ఆదెన్న చాలాసేపు ఆలోచించాడు. తమ్ముడి రోషం తెలుసు. వాడి నొప్పీ తెలుసు. చివరికి లేచి షికారు మందు డబ్బా తీశాడు. చిటికెడంటే చిటికెడు వేస్తే ఆ మందు చప్పుడు చేస్తుంది, కుండ పగలగొడుతుంది, చేతిని మాత్రం పెద్దగా తన్నదు. పన్నెండు తూటాలు అలా కట్టాడు, ఆరు రివాల్వరుకు, ఆరు బెల్టుకు. ప్రతి దాని అడుగున, అంచు మీద, ఆకురాయితో సన్నని గీత గీశాడు. చూపుకు ఆనదు గాని గోటికి తగులుతుంది.

"గీతుండేవి కుండలకు. గీత లేనివి కొండకు. సోమవారం పొద్దున పెట్టు, మిగిలినవి ఆ సాయంత్రమే తీసెయ్యాల. మరిచిపోవద్దమ్మా. వీటితో ఎలుగ్గొడ్డు చావదు."

నాగక్క ఒక్కొక్కదాని అంచూ గోటితో తడిమి చూసుకుని కొంగున కట్టుకుంది.

కాలిన తొడుగులు నెలనెలా తెచ్చి ఆమె మళ్లీ నింపించుకుపోయేది; అలా మూడు నెలలు సజావుగా గడిచాయి. ఆషాఢంలో సుంకన్న డోను వచ్చినప్పుడు అన్న ముందు కుడిచేయి చాపి, వేళ్లు ముడిచి తెరిచి చూపించాడు.

"సూడన్నా, కుదురుకుండాది. మొన్న ఆరూ కాల్చినా, సులుక్కుమనలేదు. మేనేజరే శభాషన్నాడు."

అతని మొహంలో ఆ వెలుగు చూశాడు ఆదెన్న. చెప్పేద్దామా అనుకున్నాడు. ఆ సంతోషాన్ని చిదమలేకపోయాడు. "మంచిదప్పా," అన్నాడు.

శ్రావణంలో మొదటి సోమవారం కుండలు పగిలాయి, చప్పట్లు మోగాయి. సుంకన్న బెల్టులోని మిగతా ఆరూ రివాల్వరులో నింపి, బెల్టు విప్పి మేకుకు తగిలించి, ఎన్నాళ్లకో కుడిచేత్తో అన్నం కలుపుకుని తిన్నాడు. నాగక్క బెల్టు దగ్గరికి వెళ్లింది. గట్టి తూటాలు బియ్యపు డబ్బాలో ఉన్నాయి. తీయబోయి ఆగింది. ఒక నెలగా ప్రతిరోజూ పొద్దున అతను గవుల వైపు ఒకటో రెండో గాల్లోకి కాలుస్తున్నాడు, ఎలుగులు ఉంటే బెదిరిపోవాలని. గట్టి తూటాలతో మణికట్టు మళ్లీ వాస్తోంది. గాల్లోకే గదా, చప్పుడుకు ఇవి చాలవా, ఈ ఒక్క దినం ఉండనీలే అనుకుంది.

మంగళవారం పొద్దున, పాత గోతిలో పిల్లతో పడుకున్న ఎలుగు గంపల ఆడవాళ్లకు ఎదురైంది. కేకలు విని సుంకన్న పరుగెత్తి వాళ్లకూ దానికీ మధ్య నిలబడ్డాడు. పది అడుగుల దూరంలో అది రెండు కాళ్ల మీద లేచింది. కాల్చాడు. మూడు గుండ్లు దాని తలకూ రొమ్ముకూ తగిలాయని చూసినవాళ్లు చెప్పారు. అది తల విదిలించుకుని మీదికి వచ్చింది. గడ్డపారలతో కూలీలు దాన్ని తరిమేసరికి సుంకన్న భుజం, పక్క డొక్క చీలిపోయి ఉన్నాయి. ఆడవాళ్లలో ఒక్కరికీ గీరైనా పడలేదు.

మేనేజరు జీపులో కర్నూలు పెద్దాసుపత్రికి చేర్చారు. ఆదెన్న చేరేసరికి నాగక్క మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. బావను చూసి లేచి నిలబడింది. ఏడవలేదు. పిడికిలి విప్పి చూపింది. అందులో మూడు పేలని తూటాలు. ఆదెన్న ఒకదాని అంచు గోటితో తడిమాడు. గీత తగిలింది. ఇంకేమీ అడగాల్సిన పని లేకపోయింది.

మూడో రోజు పొద్దున సుంకన్నకు తెలివొచ్చింది. అన్నను దగ్గరికి రమ్మని కళ్లతోనే పిలిచాడు.

"అన్నా... మందు సెమ్మ పట్టినట్టుండాది. తగిలినాయి. నా కండ్లారా సూసినా. లోపలికి దిగలేదు."

ఆదెన్న తలెత్తాడు. మంచానికి అవతల నాగక్క నిలబడి ఉంది. ఏదో చెప్పడానికి నోరు తెరిచింది. ఆమె చెబితే తమ్ముడు చివరి ఘడియల్లో భార్యను ఏ కళ్లతో చూస్తాడో అని ఆదెన్నకు భయమేసింది. ఆమె కంటే ముందే మాట్లాడాడు.

"అవునప్పా. సెమ్మ పట్టింది. నేను సూసుకోలేదు. తప్పు నాదే."

"ఎవురితోనూ అనొద్దు," అన్నాడు సుంకన్న మెల్లగా. "లైసెన్సు పీకేస్తారు. నువ్వేం జేస్తావు... వానకాలం గదా, ఎవురికైనా జరుగుతాది." ఎడమచేత్తో అన్న వేళ్లు పట్టుకున్నాడు. "నాగా, అన్నను ఏమనొద్దు."

ఆ మధ్యాహ్నమే పోయాడు.

విచారణకు వచ్చిన అధికారికి ఆదెన్న అదే మాట రాసిచ్చాడు. మందు చెడిందనీ, తూటాలు కట్టింది తనేననీ. లైసెన్సు రద్దయింది. సొంత తమ్ముణ్ణే చంపుకున్నాడు అని బజారులో వెనక నుంచి అన్నవాళ్లున్నారు. ఆదెన్న తల వంచుకుని నడిచాడు. నాగక్కను కాపాడుకున్నాననే ఒక్క తృప్తితో ఆ మాటలు మోశాడు.

కర్మ అయిన మర్నాడు నాగక్క మూట సర్దుకుని ఆయన ముందుకొచ్చింది.

"పోతాండా బావా. మా అమ్మోళ్లింటికి."

"ఈడే ఉండమ్మా. నిన్నొక మాటనే వాళ్లు ఎవరూ లేరు. అంతా నా మీదనే ఉండాది."

"అదే," అంది ఆమె. ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి ఆమె గొంతు పెరిగింది. "అంతా నువ్వే తీసుకుంటివి. నాకేం మిగిల్చినావు? ఆయప్ప కండ్లు తెరిసినప్పుడు కాళ్ల మీద పడి, గట్టి తూటాలు నేనే తిరిగి పెట్టలేదప్పా, నీ నొప్పి సూడలేక పెట్టలేదు అని జెప్పుకుందామనుకుంటి. తిట్టేటోడో, కొట్టేటోడో, పోనీలేవే అనేటోడో. ఏదో ఒకటి అనేటోడు. నీకు అబ్బింది ఆ పోనీలే. నాకు లేదు. ఇంగ యాడ బోయి అడుక్కోవాల నేను?"

తను చేసింది మేలు కాదేమోనన్న అనుమానం ఆ క్షణం దాకా ఆదెన్నకు రాలేదు.

"నిన్ను సూసి మొగం తిప్పుకుంటాడని..." అన్నాడు చివరికి.

"తిప్పుకోనీ బావా. తిప్పుకున్నా నా మొగుడే గదా."

ఆమె బయలుదేరింది. స్టేషను దాకా ఆదెన్న మూట మోసుకెళ్లాడు. బండి కదిలేదాకా ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

తర్వాత ఆదెన్న గూడ్స్ షెడ్డులో బస్తాలకు కాపలా కుదిరాడు. రెండేళ్లు గడిచాయి. మనసు ఉండబట్టలేక ఒకసారి బద్వేలు వెళ్లాడు. నాగక్క తన అన్న చేనిలో వేరుశనగ కాయ తెంచుతోంది. చిక్కిపోయింది. గట్టు మీదికి వచ్చి కడవలోంచి నీళ్లు వంచి ఇచ్చింది. తిన్నావా అని అడిగింది. సద్దిమూట విప్పి సగం పెట్టింది. చాలాసేపు వానల గురించి, కాయ పట్టిన తీరు గురించి మాట్లాడుకున్నారు.

ఆయన లేవబోతుంటే ఆమె అడిగింది.

"బావా, ఒకటి అడుగుతా. నువ్వు మందు తెలిసినోడివి. ఆ పొద్దు గట్టి తూటాలు ఉండింటే, అది సచ్చేదా?"

ఆదెన్నకు జవాబు తెలుసు. ఆరు పలకలు చీల్చి ఏడోదాంట్లో దిగిన తూటా అది. పది అడుగుల్లో, తలకు తగిలాక, ఏ ఎలుగూ మీదికి రాదు. చెప్పలేమమ్మా, దాని ఆయువు ఎట్లుండెనో అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె కళ్లు తిప్పకుండా ఆయన మొహంలోకే చూస్తోంది.

"సచ్చేదమ్మా," అన్నాడు. "మొదటి గుండుకే."

నాగక్క తల ఊపింది. గట్టు మీద కూలబడి, కాయల మన్నంటిన చేతుల్లో మొహం దాచుకుని, భర్త పోయిన నాటి నుంచి ఏడవని ఏడుపు ఏడ్చింది. చేనిలో కూలీలు పని ఆపి చూశారు. ఆదెన్న వాళ్లను చూడలేదు. ఊరుకోమని ఆమెకు చెప్పలేదు. పొద్దు వాలేదాకా పక్కనే కూర్చున్నాడు.