నలుపుని వంకాయ రంగు చేశాను

నేను ఒక రింగ్ లైట్‌ని. గుండ్రటి దీపం, మధ్యలో ఫోను పట్టే కొక్కెం, కింద మూడు కాళ్ల స్టాండు. నన్ను తయారుచేసినవాళ్లు పెట్టె మీద ‘అందాన్ని పెంచును’ అని అచ్చు వేశారు. అది నమ్మినవాళ్లలో నేనే మొదటిదాన్ని.

తొలుత తెనాలిలో ఒక బ్యూటీపార్లరులో పెళ్లికూతుళ్ల ముఖాలకు వెలుగు పోశాను. అది మూతపడ్డాక హైమవతి ఇంటికి చేరాను. ఆమె పప్పు మిల్లులో అకౌంటెంటు. పొద్దున్నే వెళ్తే దీపాలు పెట్టే వేళకు వస్తుంది. వచ్చి, ముఖం కడుక్కుని, ఫోనులో లైవ్ పెట్టి చీరలు అమ్ముతుంది. అలసటలో చీర ధర చెప్పబోయి ‘క్వింటాలు...’ అని నాలుక కరుచుకున్న రోజులున్నాయి. పగలంతా మిల్లుకే పోతుంది కనుక సూర్యుడి పని నాకు అప్పగించింది. నేనూ సూర్యుణ్ణే అనుకున్నాను.

ఒక సాయంత్రం లైవ్ పెట్టబోతుంటే పాత కస్టమరు సుభాషిణి ఫోను చేసింది.

“వంకాయ రంగన్నావు గదమ్మాయ్! మా ఆడపడుచు గృహప్రవేశానికి పెడితే, అందరి ముందూ విప్పి, ‘కొత్తింటికి నల్లచీర తెచ్చావా వదినా’ అంది. భోజనం చెయ్యకుండా వచ్చేశాను.”

ఇలాంటప్పుడు లైవ్‌లో అమ్మేవాళ్లందరూ అనే మాట ఒకటుంది: ‘లైటింగ్ వల్ల రంగు కాస్త తేడా ఉంటుందండీ.’ హైమవతి నోటిదాకా వచ్చింది, మింగేసింది. అలాంటి చీరే ఇంకొకటి తీసి నా ముందు పట్టింది. వంకాయ రంగు. నన్ను ఆర్పి ట్యూబ్‌లైటు కింద పట్టింది. నలుపు.

“తప్పు నాదే అక్కా. చీర వెనక్కి పంపండి. మీ ఆడపడుచుగారికి నేనే చెప్తాను.”

“చెప్పు. కానీ ఇక నీ దగ్గర ఏ రంగు నమ్మి కొనను?”

ఆ రోజు లైవ్ లేదు. మర్నాడు మధ్యాహ్నం నన్ను మిల్లు మెట్ల మీద నిలబెట్టి, చీరల సంచీ విప్పింది. యజమాని చలపతిగారు బయటికొచ్చారు.

“ఏందమ్మా ఇది? మిల్లా, చీరల కొట్టా?”

“అన్నం తినే టైము నాదేగా అండీ. మీరు మాత్రం కందులు ఎండలో పట్టి చూడకుండా కొంటారా?”

ఆయన కాసేపు మీసం దువ్వుకున్నారు. “గంట కొట్టేసరికి సీట్లో ఉండాలి,” అని లోపలికి వెళ్లారు.

నన్ను వెలిగించలేదు. వెలిగించినా ఆ ఎండలో ఎవరికీ తెలిసేది కాదు. ఫోను పట్టే కర్రనయ్యాను. హైమవతి కళ్లు చికిలించుకుని, జుట్టు మీది పప్పుపొట్టు దులుపుకోకుండానే, ముందుగా ఆ చీరే చూపించింది. “ఇది నలుపండీ. శుభకార్యాలకు పెట్టకండి. నచ్చితే మీరు కట్టుకోండి.”

చూసేవాళ్లు పలచగానే ఉన్నారు. వాళ్లలోంచి సుభాషిణి కామెంటు వచ్చింది: “ఇవాళేంటమ్మాయ్, నల్లబడ్డావు?”

హైమవతి పైకి చదివి నవ్వింది. “నేనింతే అక్కా. ఇన్నాళ్లూ మీరు చూసింది లైటుని.”

తర్వాత, “ఆ చిలకాకుపచ్చది కాస్త ఎండలోకి తిప్పు,” అని ఆమె నుంచే ఇంకో కామెంటు వచ్చింది.

హైమవతి చప్పున నన్ను పక్కకు జరిపింది. చీర మీద నా నీడ పడుతోందట.