రెండు పొయ్యిల ఇల్లు

కాగితం రాసుకుని మూడు రోజులైంది. సోములమ్మ పొయ్యి ఇంకా ఆరలేదు.

అనంతగిరి కొండల్లోని ఆ గూడెంలో ఇల్లు అమ్మినవాళ్ళే తమ పొయ్యిలో నీళ్ళు పోసి గడప దాటాలి. అంతవరకూ ఆ ఇల్లు కొన్నవాడిది కాదు. ఫల్గుణకు వచ్చే నెలలో కొడుకు కామేష్ పెళ్ళి. ఒకే పెంకుల కప్పు కింద ఫల్గుణ తండ్రీ, పెదనాన్నా కట్టుకున్న రెండిళ్ళవి. మధ్యగోడ తీసేస్తే ఒకటే ఇల్లు. పెదనాన్న కోడలు సోములమ్మ తన ఇల్లు అతనికి అమ్మి, హుకుంపేటలో కూతురి దగ్గరికి పోతానంది.

ఇంటికన్నా ఆమె పోవడమే అతనికి ముఖ్యం. తొమ్మిదేళ్ళ కిందట అతను సంతకు వెళ్ళిన రోజున పెళ్ళాం కనకకు జ్వరం ముదిరింది. ఆసుపత్రికి మోయించకుండా, మంత్రించే గురుమాయి దగ్గర కూర్చోబెట్టింది ఈ వదినే. కనక పోయింది. ఆనాటి నుంచీ వదినతో మాటల్లేవు.

"ఎప్పుడెల్తాదో మీ పెద్దమ్మనడుగు," అన్నాడు కొడుకుతో, ఆమె అరుగు మీద ఉండగానే.

"నాకు సెవుడు లేదురా కామేషూ. పొయ్యి మీద అంబలుంది, తాగి ఎల్తానని మీ అయ్యకి సెప్పు."

"మూడ్రోజులుగా అదే అంబలా?"

కామేష్ నవ్వాపుకున్నాడు. ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఫల్గుణ గునపం తీసుకుని తన వైపు నుంచి మధ్యగోడను పొడిచాడు. అక్కడొక పాత కన్నం ఉండేది. కనకా, సోములమ్మా అందులోంచే నిప్పు ఇచ్చిపుచ్చుకునేవారు. కనక దినం అయిన మర్నాడే అతను దాన్ని మట్టితో మెత్తేశాడు.

ఒక్క పోటుకే గునపం అవతలికి జారింది. అటు పక్క కన్నం తెరిచే ఉంది. అంచుల చుట్టూ ఈ ఏటి ఎర్రమట్టి అలుకు. లోపల బోర్లించిన కుండపెంకు. కనక నిప్పు తెచ్చుకునే పెంకు అది.

"నువ్వు నీ పక్క మూసేవు. నాకు సెయ్యి రాలేదు," అంది అవతలి నుంచి సోములమ్మ. "తప్పు నాదే ఫల్గుణా. గురుమాయి తగ్గించేత్తాడనుకున్నాను."

తొమ్మిదేళ్ళుగా అతను వినాలనుకున్న మాట. విన్నాక కూడా గుండెలో మంట తగ్గలేదు.

ఆమె చెంబు ఎత్తింది. "ఇదిగో, పోసేత్తన్నాను. బేగి గోడ కొట్టుకోండి."

"పోయకు వదినా."

"మరి ఇల్లు నీదెలాగవుద్ది?"

"కాకపోతే పోనీ." గునపం కొడుకు చేతికిచ్చాడు. "గోడకి గుమ్మం ఆ చివర పెట్టు. ఈ కన్నం ఇలాగే ఉండనీ."

ఆమె ముఖంలోకి మాత్రం చూడలేదు. పెంకును వెల్లకిలా తిప్పి అటు తోశాడు.

"మా పొయ్యి చల్లారిపోయింది. నిప్పెయ్యి."